ఇటుకల పొయ్యి మీద కందనకాయలు, గుండెకాయలు, కార్జం: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

అశ్వని కార్తె, ఆదివారం

ఈ వేసవి సెలవులకు పొదిలి నుంచి మేనత్తావాళ్లు, చెన్నై నుంచి తమ్ముడి కుటుంబం కావలిలోని మా ఇంటికి వస్తున్నారు. పెద్దలూ పిల్లలూ కలిపి పద్నాలుగు మందిమి అవుతాము. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం పెరట్లో నిప్పులు రాజేసి, కోడి కందనకాయలు, గుండెకాయలు, కార్జం మసాలా పట్టించి కాల్చి అందరికీ వడ్డించాలన్నది ఈ ప్రాజెక్టు. కాల్చిన కోడి తొడలు, రెక్కలు ఇప్పుడు ప్రతి వీధి మొదట్లోనూ దొరుకుతున్నాయి గనుక వాటి జోలికి పోదలచుకోలేదు. మా ఇంట్లో కోడికూర వండిన రోజున కందనకాయ ఎవరి పళ్లెంలో పడుతుందన్నది చిన్నప్పటి నుంచీ తగువే. ఒక కోడికి కందనకాయ ఒకటే, గుండెకాయ ఒకటే కాబట్టి ఆ తగువు తీరే దారి కూడా లేదు. ఒక్క పూటైనా వాటినే అందరికీ తృప్తిగా పెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

విషయం చెప్పగానే అమ్మ అభ్యంతరం చెప్పింది. "రోహిణి ఎండల్లో కోడి తింటేనే వేడి చేస్తుంది అబ్బయ్యా, అందులోనూ కార్జమా?" అన్నది. పక్కన రాగి సంగటి, పుదీనా పెరుగు పచ్చడి, పల్చటి మజ్జిగ, చివర తాటి ముంజలు ఉంటాయని ఒప్పించాను. నిజానికి ఈ ఎండలో నాకున్న భయం వేరు. పచ్చి మాంసం మన వాతావరణంలో ఎంతసేపు బయట ఉండవచ్చన్నదే అది. మసాలా కంటే ముందు ఆ లెక్క తేలాలి.

భరణి కార్తె, శనివారం సాయంత్రం

ముందుగా సరుకు స్వభావం రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఈ మూడింటినీ ఒకే గిన్నెలో కలిపి, ఒకే ఊచకు గుచ్చి, ఒకేసారి నిప్పుల మీద పెట్టడం వల్లనే చాలాచోట్ల ఈ వంటకం చెడిపోతుందని నా అభిప్రాయం.

కందనకాయ అంటే పళ్లు లేని కోడికి పళ్ల పని చేసే కండ. గింజలను రోజంతా నూరుతూ ఉండే ఆ కండలో గట్టి పీచు, దాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీను అధికంగా ఉంటాయి. ఆ కొల్లాజెన్ మెత్తబడాలంటే తడిసెగలో చాలాసేపు ఉడకాలి. పొడిసెగ మీద నేరుగా పెడితే బిగుసుకుపోతుంది. గుండెకాయ కూడా కండే, క్షణం ఆగకుండా పనిచేసేదే, అయితే అది చిన్నది, పీచు సన్నం, కాబట్టి బలమైన సెగ మీద కొద్ది నిమిషాల్లోనే తినడానికి అనువుగా కాలుతుంది. కార్జం అసలు కండే కాదు. అందులో నమలవలసిన పీచేమీ ఉండదు, సెగ ఎక్కువైతే పిండిపిండిగా పొడుమవుతుంది, సెగ తక్కువైతే లోపల పచ్చిగా ఉండి ప్రమాదం తెస్తుంది. కోళ్ల పేగుల్లో ఉండే క్యాంపిలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి కార్జం పైపైనే కాక లోపలి భాగంలో కూడా ఉండగలదు. అందుచేత హోటళ్లలో నాజూకుగా చెప్పే "లోపల కాస్త గులాబీ రంగు" పద్ధతి కోడి కార్జానికి పనికిరాదు.

అమెరికా వ్యవసాయ శాఖ సూచనల ప్రకారం కోడిలో ఏ భాగమైనా లోపలి ఉష్ణోగ్రత 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. 2024 ఫిబ్రవరిలో మా జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు అందరికీ తెలిసిన సంగతి కూడా ఇదే: అన్ని వైపులా 70 డిగ్రీలు దాటేలా ఉడికితే ఆ వైరస్ బతకదు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి తెప్పించాను. ఈ ప్రాజెక్టులో నేను కొన్న ఒకే ఒక కొత్త పరికరం అది.

భరణి కార్తె, రెండవ వారం

పొయ్యి సిద్ధమైంది. సగానికి కోసిన ఇనుప డ్రమ్ము అయితే తేలికని వెల్డింగ్ షాపులో చెప్పారు. అందులో అంతకుముందు ఏ ద్రవం పోశారో, లోపల ఏ రంగు పూశారో తెలియనప్పుడు దాని మీద పిల్లలకు తిండి కాల్చడం నాకు నచ్చలేదు. గోడ కట్టగా మిగిలిన ఇటుకలు పెరట్లో ఉన్నాయి, అవి చాలు. సిమెంటు గచ్చు మీద నేరుగా నిప్పు పోస్తే గచ్చు పెచ్చులూడుతుంది గనుక కింద బెత్తెడు మందాన ఇసుక పరిచి, దాని మీద రెండు వరుసల్లో ఇటుకలు సున్నం, సిమెంటు లేకుండా పేర్చాను. వరుసల నడుమ దూరం జానెడు, ఊచల పొడవు మూరెడు. ఊచ రెండు కొనలూ ఇటుకల మీద ఆనుతాయి, మాంసం ఉన్న నడిమి భాగం మాత్రమే సెగ మీద ఉంటుంది. ఈ కొలత వల్ల అడుగున జాలీ అవసరం లేదు, మాంసం దేనికీ అంటుకోదు, ఊచను చివర పట్టుకుని తిప్పవచ్చు. జపాన్‌లో యాకిటోరి, అంటే పుల్లలకు గుచ్చిన కోడి ముక్కలు, కాల్చే పొయ్యిలు కూడా ఇలాగే సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అక్కడ గుండెకాయ, కార్జం, కందనకాయ మూడూ విడివిడి పుల్లలకు గుచ్చి విడివిడిగానే అమ్ముతారు.

ఇటుకల వరుస తూర్పు పడమరలుగా ఉంది. మే నెలలో మాకు పగలంతా పడమటి వడగాలి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక ఏదో ఒక వేళకు తూర్పున తీరంలో ఉన్న తుమ్మలపెంట వైపు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. సాయంత్రపు వంట కాబట్టి తూర్పు కొసన అడుగు వరుసలో ఒక ఇటుక తీసేసి గాలికి దారి వదిలాను. ఆ గాలి తగిలే కొసన నిప్పులు భగ్గున మండుతాయి, పడమటి కొసన నెమ్మదిగా ఉంటాయి. ఒకే పొయ్యిలో రెండు రకాల సెగ కావాలనుకున్న నాకు అది కోరుకున్న ఏర్పాటే.

ఊచలు స్టీలువి. గుండ్రటి కడ్డీకి గుచ్చితే ఊచ తిరుగుతుంది గానీ మాంసం తిరగదు, ఒకే వైపు మాడుతుంది. అందుకని కడ్డీలను కమ్మరి దగ్గర పల్చగా సాగగొట్టించాను. జస్తా (జింకు) పూత ఉన్న తీగ, జాలీ వాడవద్దని ఈ పని చేయబోయే వారికి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఎర్రటి నిప్పుల మీద ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు.

బొగ్గు చిల్లకంపది. మా వైపు బీళ్లలో, చెరువు కట్టల మీద ఈ కంప పెరగని చోటు లేదు, బట్టీల్లో కాల్చిన బొగ్గు బస్తాల లెక్కన దొరుకుతుంది. గట్టి బొగ్గు, సెగ చాలాసేపు నిలుస్తుంది, అయితే మొదట్లో చిటపటలాడి రవ్వలు ఎగరేస్తుంది గనుక పిల్లలను దూరంగా ఉంచాలి. అంటించడానికి కిరసనాయిలు వాడలేదు, ఆ వాసన చివరిదాకా పోదు. సరుగుడు తోపులో ఏరి తెచ్చిన ఎండు కాయలు, ఆకు రెండు గుప్పిళ్లు వేసి తాటాకు విసనకర్రతో విసిరితే చాలు.

కృత్తిక కార్తె, ఆదివారం

కందనకాయలతో పరీక్ష. ఈ డైరీలో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే.

అంగడిలో కోసి కడిగి ఇచ్చినా ఇంట్లో మళ్లీ చూసుకోవాలి. కందనకాయను అరచేతిలో పెట్టుకుని విప్పితే లోపలి వైపు ముడతలు పడిన పసుపుపచ్చని పొర కనిపిస్తుంది. గోటితో ఒక మూల లేపి, బొటనవేలు కిందికి పోనిచ్చి లాగితే ఆ పొర తోలులా ఒక్క తునకగా ఊడివస్తుంది. ఎక్కడైనా చిన్న ముక్క మిగిలిపోతే నోట్లో చేదుగా, గరగరగా తగులుతుంది. బ్రాయిలర్‌లో ఆ పొర కింద పెద్దగా ఏమీ ఉండదు గానీ, పోల్చి చూడటానికి తెచ్చిన నాటుకోడి కందనకాయలో బియ్యపు నూకలు, మూడు నాలుగు చిన్న రాళ్లు, ఒక పచ్చటి గాజు పెంకు కూడా దొరికాయి. గాజు అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. ఆ కండకు ఎంత బలముందో మా అమ్మాయికి చూపించడానికి ఆ పెంకును కడిగి దాచాను.

మెత్తబరచడానికి రెండు దారులు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిది మన వాళ్లు ముదురు మాంసానికి వాడే పచ్చి బొప్పాయి ముద్ద. రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరబెట్టి కాల్చినప్పుడు పైపొర జావలా మెత్తబడింది, లోపల మాత్రం నమిలినకొద్దీ నమలాల్సిందే. బొప్పాయిలోని పాపైన్ అనే ఎంజైము పైనుంచి కొద్ది లోతుకే పనిచేస్తుంది కాబట్టి ఈ మందపు కండకు అది చాలదు. రెండవది ముందే ఉడికించడం. ఉప్పు, పసుపు, దంచిన అల్లం ముక్క, మునిగేటన్ని నీళ్లు పోసి కుక్కరులో బ్రాయిలర్ కందనకాయలకు ఐదు కూతలు, ఆ తర్వాత సన్నని మంట మీద పది నిమిషాలు. చాకు మొన సులువుగా దిగింది, ఆకారం చెడలేదు. నాటుకోడివి అదే కుక్కరులో రెట్టింపు సమయం తీసుకున్నాయి, కాబట్టి రెండింటినీ కలిపి ఉడికించడం కుదరదు. విందుకు బ్రాయిలర్‌వే ఖాయం చేశాను.

ఉడికించిన నీళ్లు పారబోయవద్దు. ఆ నీళ్లలో మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, చింతపండు కొద్దిగా పిండి అమ్మ చారు కాచింది. ఆ పూట అన్నంలోకి మరేదీ అవసరం కాలేదు, విందు వంటకాల్లోకి ఆ చారు కూడా చేరింది.

మసాలా ఉడికించిన తర్వాతే పట్టించాలి. వేడి మీద ఉన్నప్పుడే నీళ్లు వార్చి కలిపితే, చల్లారే కొద్దీ ముక్క ఆ రుచిని లోపలికి తీసుకుంటుంది. కిలో కందనకాయలకు నా కొలత ఇది: గుడ్డలో మూటగట్టి నీళ్లు దిగిపోయిన పెరుగు ఒక కప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, కారం ఒకటిన్నర, వేయించి దంచిన ధనియాల పొడి ఒకటి, మిరియాల పొడి ఒక చిన్న చెంచా, చెనక్కాయల నూనె రెండు పెద్ద చెంచాలు. పులుపుకు నిమ్మరసం బదులు పచ్చి మామిడికాయ కోరి మెత్తగా నూరి మూడు చెంచాలు వేశాను. నెల్లూరు చేపల పులుసుకు మామిడికాయ ఎందుకు అంత నప్పుతుందో ఇక్కడా అందుకే నప్పింది. దాని పులుపు ముక్కను పట్టుకుని ఉంటుంది, నిప్పు మీద నిమ్మరసంలా ఆవిరైపోయినట్లు అనిపించదు. పైగా వేసవిలో మాకు నిమ్మకాయ ధర అడగలేము.

కృత్తిక కార్తె, చివరి వారం

గుండెకాయల పని తేలిక. పైన ఉన్న కొవ్వు, రక్తనాళాల గొట్టాలు కోసేసి, రెండు వేళ్లతో నొక్కితే లోపల గడ్డకట్టిన రక్తం బయటకు వస్తుంది. ఉప్పు, దంచిన మిరియాలు, వెల్లుల్లి, చెంచాడు నూనె చాలు. పెరుగు వద్దు, దాని వల్ల ముక్క ఎర్రగా కాలడానికి ఆలస్యమవుతుంది. బ్రెజిల్ వాళ్లు కోడి గుండెకాయలను ఊచలకు గుచ్చి ఇంతే సాదాగా కాలుస్తారు. తూర్పు కొసన ఉన్న బలమైన సెగ మీద తిప్పుతూ ఏడెనిమిది నిమిషాలు పట్టింది. కొవ్వు కారి మంట లేచినప్పుడు ఊచను పక్కకు జరపడం తప్ప వేరే నైపుణ్యం అక్కరలేదు.

కార్జం విషయంలో మేనత్త మాటే నెగ్గింది. ఫోనులో కొలతలు చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "కార్జానికి ఉప్పు ముందే కలపొద్దు నాయనా, నీళ్లొదిలి గట్టిపడుతుంది. నిప్పు మీదికి పోయే ముందు చల్లు" అన్నది. సగం ఆమె చెప్పినట్లు, సగం నా పద్ధతిలో చేసి చూశాను. ముందే ఉప్పు కలిపిన వాటి అడుగున గిన్నెలో ఎర్రటి నీరు చేరింది, తడి వల్ల పైన రంగు రాకముందే లోపల పొడిబారాయి. ఆమె చెప్పినవి పైన ముదురు గోధుమరంగుకు వచ్చి, లోపల మెత్తగా నిలిచాయి. నిమ్మరసం కూడా ముందు తగలకూడదు, తగిలితే పైపొర తెల్లబడి విరిగినట్లవుతుంది.

కొనేటప్పుడు ముదురు ఎరుపులో నిగనిగలాడుతూ బిగువుగా ఉన్న కార్జాన్ని ఎంచుకోవాలి. పసుపుపచ్చగా పాలిపోయినవి కొవ్వు పట్టినవి, వాటికి రుచి తక్కువ. మచ్చలున్నవి తీసుకోవద్దు. చేదు తిత్తి చితికి ఆకుపచ్చగా అంటిన చోటును పెద్దగా కోసి పారేయాలి, కడిగితే పోదు. శుభ్రం చేసిన కార్జాన్ని ఉప్పులేని పల్చటి మజ్జిగలో అరగంట ఫ్రిజ్‌లో ఉంచి వార్చితే వాసన తగ్గుతుంది. ఆ తర్వాత పసుపు, మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు పొడి, నూనె. ఒక్క ఊచకు గుచ్చితే తిప్పేటప్పుడు విరిగి నిప్పుల్లో పడుతుంది గనుక వేళ్ల వెడల్పు దూరంలో రెండు ఊచలు సమంగా దూర్చి, ముక్కకు ముక్కకు మధ్య ఉల్లిపాయ రేకు పెట్టాను. పడమటి కొసన నెమ్మదైన సెగ మీద ఆరు నిమిషాల లోపే థర్మామీటరు 74 దాటింది. 76 దగ్గర దించేస్తే మెత్తదనం ఉంది, 85 దాకా ఉంచినది పొడుమైంది. ఈ ఒక్క పరికరం డబ్బు అక్కడే రాబట్టుకున్నాను.

మరో సంగతి కూడా ఇంట్లో మాట్లాడుకోవలసి వచ్చింది. వంద గ్రాముల కోడి కార్జంలో సుమారు 9 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, రక్తం తక్కువగా ఉన్నవారికి మంచి ఆహారమే. అయితే విటమిన్ ఏ కూడా చాలా ఎక్కువ కాబట్టి గర్భిణులు దాన్ని పరిమితం చేసుకోవాలని వైద్యులు చెబుతారు. మరదలు ఇప్పుడు ఐదో నెలలో ఉంది, ఆమెకు కందనకాయలే. యూరిక్ యాసిడ్‌తో కీళ్ల నొప్పి పడుతున్న మామయ్యకు మాత్రం ఈ మూడింటిలో ఏదీ మంచిది కాదు. ఆయనకు విడిగా వంకాయలు కాల్చి పచ్చడి చేయాలని నిర్ణయమైంది. ఆయన ఈ నిర్ణయానికి సంతోషించలేదు.

రోహిణి కార్తె, విందుకు ముందు రోజు

కందనకాయలు, కార్జం కిలోంబావు చొప్పున, గుండెకాయలు అరకిలో. ఒక్కో గుండెకాయ పది గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది, అంటే అరకిలోకు యాభై కోళ్ల వరకూ కావాలి. చికెన్ అంగడి అబ్బాయికి రెండు రోజుల ముందే చెప్పి, కోసినప్పుడల్లా తీసి ఫ్రిజ్‌లో పెట్టించాను. కార్జం మాత్రం రేపు తెల్లవారి తాజాగా కోసినదే కావాలన్నాను.

కందనకాయలు ఇవాళే ఉడికి, మసాలాతో ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. పెరట్లో నీడలోనే నలభై డిగ్రీలు దాటుతున్న రోజులివి. 32 డిగ్రీలు మించిన చోట పచ్చి మాంసం గానీ వండినది గానీ గంటకు మించి బయట ఉండకూడదన్నది నియమం. అందుకని చేపలవాళ్లు వాడే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, అడుగున మంచుగడ్డ, పైన మూతలున్న స్టీలు డబ్బాలు పెట్టే ఏర్పాటు చేశాను. పెట్టె పొయ్యి పక్కనే ఉంటుంది, ఒక విడతకు సరిపడా మాత్రమే బయటకు వస్తుంది. పచ్చిది పట్టుకునే పళ్లెం, పట్టుకారు వేరు, కాలినది పెట్టే పళ్లెం వేరు. పిల్లలు పొరబడకుండా రెండో పళ్లెంలో అరిటాకు పరిచాను.

రోహిణి కార్తె, విందు రోజు

సముద్రపు గాలి ఐదు గంటలు దాటాక తిరిగింది. ఆరింటికి బొగ్గు అంటించాను. మంట ఉన్నంతసేపూ ఏదీ పెట్టలేదు. బొగ్గుల మీద బూడిదరంగు నివురు పూర్తిగా కప్పి, ఊచల ఎత్తున అరచేయి పెడితే తూర్పు కొసన రెండు మూడు లెక్కల్లో, పడమటి కొసన ఐదారు లెక్కల్లో చేయి తీసేయాల్సి వచ్చినప్పుడు మొదలుపెట్టాను. దీనికి ముప్పావు గంట పట్టింది. ఆకలితో ఉన్న పిల్లలకు అది చాలా ఎక్కువ.

ముందు కందనకాయలు. అవి ఉడికినవే కాబట్టి లోపలి దాకా వేడెక్కి, పెరుగు మసాలా అంచుల్లో నల్లబడేదాకా ఉంచితే చాలు. ఆ తర్వాత గుండెకాయలు. వాటిని తమ్ముడి పిల్లలు మొదట ముట్టుకోలేదు, అమ్మాయి ఒకటి నోట్లో వేసుకోవడం చూసి వాళ్లూ చేయి చాపారు, చివరికి పెద్దలకు మిగల్లేదు. కార్జం చివర, అందరూ పళ్లేల ముందు కూర్చున్నాకే పొయ్యి ఎక్కింది, ఎందుకంటే దించిన రెండు మూడు నిమిషాల్లో తినకపోతే దాని గొప్పతనం పోతుంది. ఉప్పు తన చేతులతో మేనత్తే చల్లింది. దించాక నిమ్మకాయ పిండి, సన్నగా తరిగిన ఉల్లిపాయతో వడ్డించాము.

రాగి సంగటితో కందనకాయ, చారు బాగా కుదిరాయి. సంగటి మెత్తదనం పక్కన కాస్త నమిలే ముక్క ఉండడం బాగుంది. కార్జానికి సంగటి కంటే జొన్నరొట్టె నయమని నాకు అనిపించింది. "కారం కొంచెం వెనకబడింది గానీ కందనకాయ బాగా మెత్తబడింది" అని మేనత్త అన్నది. పొదిలి వాళ్ల నాలుకకు ఆ మాట సహజమే. వచ్చేసారి పెద్దలకు విడిగా ఒక డబ్బాలో కారం పెంచి కలపాలి.

రోహిణి కార్తె, మరుసటి రోజు

మిగిలిన పది పన్నెండు కందనకాయలను రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాము. పొద్దున అమ్మ వాటిని సన్నగా చీల్చి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకుతో వేపుడు చేసింది. కార్జం మిగలలేదు, మిగిలినా మళ్లీ వేడి చేసి తినదగ్గది కాదు.

ఇటుకలు చల్లారాక పరీక్షించాను. తూర్పు కొసన రెండు ఇటుకలు పగిలాయి, మిగతావి గట్టిగా ఉన్నాయి. కొవ్వు కారిన ఇసుకను ఎత్తి పోసి కొత్త ఇసుక పరవాలి, లేకపోతే చీమలు, కుక్కలు చేరతాయి. మృగశిర కార్తెకు చేపలు తినాలన్న ఆనవాయితీ మా ఇంట్లోనూ ఉంది, ఈ పొయ్యి మీదే కాల్చుదామని తమ్ముడు పట్టుబట్టాడు. చేపకు జానెడు వెడల్పు చాలదు, ఊచలు కూడా పనికిరావు. వరుసల మధ్య మరో నాలుగు వేళ్లు జరిపి, మడత జాలీ పట్టేలా పై వరుస ఇటుకలను రేపు మళ్లీ పేరుస్తాను.